పాత మినీ బస్ క్యాంపర్: డిస్కులు (చక్రాల రిమ్ములు) మార్చాలి, వెనక కమాన్లు (ప్లేట్ల స్ప్రింగులు) కూర్చుండిపోయాయి, ముందు ఏది చేయించాలి?

కృష్ణలంక_క్యాంపర్:

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ. 2006 మోడల్ డీజిల్ మినీ బస్, ఒకప్పుడు కాలేజీ పిల్లల్ని తిప్పిన బండి, మూడేళ్ళ కింద కొని సీట్లన్నీ పీకించి లోపల రెండు మంచాలు, చిన్న వంటగట్టు, వెనకాల బాత్రూము పెట్టించుకున్నాం. ఆర్‌సీలో కూడా క్యాంపర్ కిందకి మార్పించాను, దానికి పడ్డ తిప్పలు ఇంకో రోజు చెప్తా. వెనక జంట టైర్లు, మొత్తం ఆరు, ప్లస్ స్టెప్నీ. సైజు 7.50-16, ట్యూబు ఫ్లాపు ఉండే రకం, డిస్కుకి లాక్ రింగు (టైరు ఊడకుండా పట్టి ఉంచే ఇనప రింగు) ఉంటుంది.

పోయిన నెల శ్రీశైలం వెళ్ళొచ్చాం. దోర్నాల దాటాక ఘాట్ మొదలైన దగ్గర్నుంచి వెనకాల ధబ్ ధబ్ అని ఒకటే కొట్టుడు, ప్రతి గుంతకీ ఇరుసు పైకొచ్చి రబ్బరు బంప్‌కి తగులుతోంది, మలుపుల్లో బండి ఎడమ పక్కకి ఎంత వాలుతుందంటే అల్మరా తలుపు తెరుచుకుని పప్పు డబ్బా మా అమ్మ ఒళ్ళో పడింది. మా ఆవిడైతే ఇది బండా పడవా అంది. ఖాళీగా నిలబెట్టి చూసినా ఎడమ పక్క వెనక ఒకటిన్నర అంగుళం కిందకే ఉంది.

వచ్చేటప్పుడు వినుకొండ దగ్గర వెనక లోపలి టైరు పంక్చర్ అయ్యింది. అక్కడ కుర్రాడు రింగు కూర్చోబెట్టడానికి గాలి కొడుతూనే సుత్తితో టంగు టంగుమని కొడుతున్నాడు, నేను పక్కనే నిలబడి ఫోన్ లైటు చూపిస్తున్నా. అయ్యాక "సార్ మీ డిస్కు గాడి తినేసింది, రింగు సరిగ్గా పట్టట్లా, మార్చుకోండి" అన్నాడు.

ఇప్పుడు నా ఆలోచన ఏంటంటే ఎలాగూ డిస్కులు మార్చాలి కాబట్టి 17.5 అంగుళాల ట్యూబ్‌లెస్‌కి వెళ్ళిపోదామా, వెనకాల కమానుకి రెండు ప్లేట్లు ఎక్కించాలా లేక ఎయిర్ బెలోస్ (గాలి నింపే రబ్బరు స్ప్రింగులు) పెట్టించాలా అని. ఆటోనగర్‌లో నలుగుర్ని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు, ఒకాయన బండిని దూరం నుంచి చూసే "రెండు ప్లేట్లు వేస్తే సెట్ అయిపోద్ది" అన్నాడు. టైర్ల బటన్ (పైన అరిగే గాళ్ళ భాగం) మాత్రం ఫుల్లుగా ఉంది, అవి మార్చక్కర్లేదు అనుకుంటున్నా. చేయించుకున్న వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

---

ఆటోనగర్_పాతకాపు:

తమ్ముడూ కమాన్ల సంగతి తర్వాత, ముందు ఆ లైటు పట్టుకుని నిలబడ్డావే, ఆ పని జన్మలో మళ్ళీ చేయబాక. నేను ముప్పై ఏళ్ళు ఈ పనిలో ఉన్నా. లాక్ రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి ఎక్కితే అది ఎగిరిందంటే మనిషి ఉండడు, తల ఉండదు, రేకు షెడ్డు చిల్లు పడుద్ది. గాలి ఎక్కుతున్న రింగు మీద సుత్తి దెబ్బ ఎప్పుడూ పడకూడదు. పద్ధతి ఏందంటే టైరుని ఇనప బోనులో పెట్టి, గొట్టానికి క్లిప్పు నాజిల్ తగిలించి, దూరంగా పక్కకి నిలబడి గాలి కొట్టాలి, కొంచెం ఎక్కాక ఆపి రింగు చుట్టూ సమానంగా కూర్చుందా లేదా చూసుకోవాలి, కూర్చోకపోతే గాలి మొత్తం దించేసి మళ్ళీ మొదట్నుంచి. బోను లేని షాపులో ఈ డిస్కు ఊడదీయించుకోబాక.

ఇంకోటి. జంట టైర్లలో నట్లు విప్పే ముందే రెండు టైర్లకీ వాల్వు పిన్ను పీకి గాలి మొత్తం దించాలి. డిస్కు పగిలి ఉంటే నట్లే దాన్ని పట్టుకుని ఉంటాయి, నట్టు వదిలావంటే రింగు నీ మీదకి వస్తది. మన కుర్రాళ్ళు ఒక్కడూ చేయడు, టైము వేస్టు అంటారు.

నీ డిస్కులు ఏడూ ఊడదీయించి వైరు బ్రష్షు కొట్టించి చూడు. గాడిలో తుప్పు పెచ్చులు లేస్తున్నా, స్టడ్ (చక్రం నట్టు బిగించే బోల్టు) బొక్కలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు లాగా సాగినా, బొక్కకీ బొక్కకీ మధ్య వెంట్రుక వాసి పగులు ఉన్నా తుక్కే. వెల్డింగ్ చేసి ఇస్తామంటారు, ఒప్పుకోబాక. రింగు ఒక కంపెనీది డిస్కు ఇంకో కంపెనీది కలిపి వేస్తారు చూడు, అది మహా డేంజర్, కొన్నా డిస్కూ రింగూ ఒకే సెట్టుగా కొను.

టైర్లు బటన్ బాగుందన్నావు. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, అవి చదివి ఇక్కడ పెట్టు.

---

కృష్ణలంక_క్యాంపర్:

అన్నా వెన్నులో చలి పుట్టింది నిజంగా. ఇప్పుడే కిందకెళ్ళి చూశా, నాలుగు టైర్ల మీద 1214 అని ఉంది, రెండింటి మీద 3315, స్టెప్నీ మీద దుమ్ము తుడిస్తే 4009.

---

ఆటోనగర్_పాతకాపు:

మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. అంటే నీ నాలుగు టైర్లు 2014లో 12వ వారంలో పుట్టినయ్యి, స్టెప్నీ 2009. లారీ టైరు అరిగి పోతది, నీలాంటి బండి టైరు ఎండకి నిలబడి నిలబడి ముసలిదై పోతది. వంచి చూడు, పక్కన సన్న గీతలు పడి ఉంటాయి పాత సైకిల్ ట్యూబు లాగా. బటన్ చూసి మోసపోబాక, మొత్తం మార్చెయ్.

---

బ్రాడీపేట_బాబాయ్:

మాది గుంటూరు, నాది కూడా పాత మినీ బస్సే, అయిదేళ్ళ నుంచి తిప్పుతున్నాం. మీరు చేయబోతున్న తప్పు నేను ఆల్రెడీ చేసి కూర్చున్నా కాబట్టి చెప్తున్నా. నాకూ వెనక దిగిపోతే ఒక షాపులో (పేరు వద్దులే) మాట్లాడకుండా చెరో రెండు ప్లేట్లు ఎక్కించాడు. బండి పైకి లేచింది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, నేను సంతోషంగా సూర్యలంక బయల్దేరా. పొన్నూరు దాటేలోపు ఫ్రిజ్జు అర విరిగింది, వంటగట్టు స్క్రూలు ఊడి వచ్చాయి, నీళ్ళ ట్యాంకు బ్రాకెట్ పగిలి దారంతా నీళ్ళు. అది లారీ అయిపోయింది అండి, కమాను అసలు పని చేయట్లా, రోడ్డు దెబ్బ మొత్తం డైరెక్టుగా బాడీకే. ఆఖరికి ఆ ప్లేట్లు తీయించడానికి మళ్ళీ డబ్బులు.

ఆ తర్వాత మా బావమరిది మిర్చి యార్డు దగ్గర కమీషన్ పని చేస్తాడు లెండి, వాడు అన్నాడు "బావా కాటా వేయించకుండా కమాను ఎట్టా కట్టిస్తావ్, మేము ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా కాటా వేయకుండా కొనం గదా" అని. నిజమే గదా! ఏటుకూరు రోడ్డులో కాటాలకి కొదవా? తీసుకెళ్ళి ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒక చీటీ, మొత్తం బండి ఎక్కించి ఒకటి, వెనక చక్రాలు మాత్రమే ఒకటి తీసుకున్నా. కాటా వాడు బాగా మంచోడైతే, ప్లాట్‌ఫారం పక్కన నేల సమంగా ఉంటే, ఒక పక్క చక్రాలు మాత్రమే ఎక్కించి కుడి ఎడమ కూడా చూసుకోవచ్చు. నీళ్ళు ఫుల్లు, డీజిల్ ఫుల్లు, గ్యాసు బండ, బట్టలు, మనుషులు, మీరు ట్రిప్పుకి ఎట్టా వెళ్తారో అట్టాగే నింపి వెళ్ళండి, ఖాళీ బండి కాటా వేస్తే ఏం లాభం లేదు. విజయవాడలో కూడా ఎక్కడైనా దొరుకుతుంది ఇది.

---

మెకానికల్_మావ:

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా కరెక్ట్. నేను దానికి లెక్క జత చేస్తా, కాలేజీలో చెప్పే బతుకే కదా నాది.

క్యాంపర్లలో జరిగే కామెడీ ఏంటంటే బాత్రూము వెనకాల పెడతారు కాబట్టి నీళ్ళ ట్యాంకు కూడా దాని పక్కనే ఇరుసు వెనకాల పెడతారు. 200 లీటర్ల ట్యాంకు అంటే 200 కిలోల నీళ్ళు. అది ఇరుసు మీద 200 కిలోలే వేస్తుంది అనుకుంటాం, కాదు. వీల్‌బేస్ (ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి దూరం) 3.4 మీటర్లు, ట్యాంకు ఇరుసుకి 1.2 మీటర్లు వెనక ఉందనుకోండి, తూగుడు బల్ల లాగా ఆలోచించండి, వెనక ఇరుసు మీద పడేది 200 ఇంటూ 4.6 బై 3.4, అంటే దాదాపు 270 కిలోలు, ఎక్కువైన ఆ 70 ఎక్కడ్నుంచి వచ్చిందంటే ముందు ఇరుసుని పైకి లేపేసింది. అందుకే వెనక దిగి, స్టీరింగ్ తేలికై, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తుంటాయి. అదే ట్యాంకుని ఇరుసుకి 60 సెంటీమీటర్లు ముందుకి జరిపితే వెనక పడేది 165. ఒక్క ప్లేటు కొనకుండా వంద కిలోల పైన తగ్గింది. ఇన్వర్టర్ బ్యాటరీలు కూడా వెనక పడేస్తారు, పెద్ద ట్యూబులర్ ఒక్కోటి 55 కిలోల పైమాటే.

టైరు విషయం: సైడ్‌వాల్ మీద 122/118 లాంటిది ఉంటుంది చూడండి. మొదటిది ఒంటి టైరుగా వాడితే, రెండోది జంటగా వాడితే. 122 అంటే 1500 కిలోలు, 118 అంటే 1320. జంటలో తక్కువ ఎందుకంటే రోడ్డు ఎప్పుడూ బల్లపరుపుగా ఉండదు, ఒక్కో క్షణం ఒక టైరే మోస్తుంది. వెనక నాలుగు టైర్లకి 5280 కిలోల కెపాసిటీ, మీ బండి అంత ఉండనే ఉండదు, సో మీకు టైరు కెపాసిటీ సమస్య కాదు. కానీ మన పంక్చర్ షాపుల్లో లారీకి కొట్టినట్టు అన్నిటికీ ఒకే గాలి కొడతారు, బండి ఎగిరెగిరి పడడానికి అది కూడా కారణమే. కాటా చీటీ చేతిలో ఉంటే టైరు కంపెనీ లోడుకి ఎంత ప్రెజర్ అని ఇచ్చే టేబుల్ చూసి కొట్టించుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు చూడాలి, మే నెల మధ్యాహ్నం కాదు.

ట్యూబ్‌లెస్‌కి వెళ్తే: 235/75 ఆర్ 17.5 ఎత్తు దాదాపు 797 మిల్లీమీటర్లు, మీ పాత టైరుకి దగ్గరగానే ఉంటుంది. 215/75 ఆర్ 17.5 తీసుకుంటే 767, అంటే బండి ఎత్తు తగ్గి అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. అసలు చూడాల్సింది ఎత్తు కాదు, జంట టైర్ల మధ్య సందు. వెడల్పు టైరు వేసి డిస్కు ఆఫ్‌సెట్ (బిగించే ముఖం డిస్కు మధ్య నుంచి ఎంత పక్కకి ఉందో ఆ కొలత) మార్చకపోతే లోడు పడ్డప్పుడు రెండు టైర్ల పొట్టలు ఒకదానికొకటి రాసుకుంటాయి, వేడెక్కి పేలిపోతాయి. డిస్కు కొనే ముందు పీసీడీ (స్టడ్లన్నీ ఉండే వృత్తం వ్యాసం) కొలవండి: ఆరు స్టడ్లు అయితే ఎదురెదురు స్టడ్ల సెంటర్ టు సెంటర్, అయిదు అయితే ఎదురుగా స్టడ్ ఉండదు కాబట్టి పక్కపక్క రెండు స్టడ్ల దూరాన్ని 1.7తో గుణించండి. మధ్య బొక్క, నట్టు కూర్చునే చోటు కోన్ ఆకారమా చదునా, ఇవి కూడా పాతదానితో కలవాలి. "కొంచెం బొక్క సాగదీస్తే పట్టేస్తది" అన్నవాడి దగ్గర్నుంచి పారిపోండి.

---

హైవే_రాజు_16:

ట్యూబ్‌లెస్ సూపర్ బ్రదర్ కళ్ళు మూసుకుని వెళ్ళిపో, మేకు దిగినా గాలి మెల్లగా దిగుద్ది, రింగు గోల లేదు

---

బ్రాడీపేట_బాబాయ్:

రాజు గారూ మీరు హైవే మీదే తిరుగుతారు కాబట్టి అలా అంటున్నారు. నేను మారేడుమిల్లి అవతల అడివిలో టైరు కోసుకుపోయి నిలబడ్డ రోజు, కట్టెల ట్రాక్టర్ ఎక్కి ఊళ్ళోకి వెళ్తే సిమెంటు కొట్టు పక్కన 7.50-16 పాత టైరు దొరికింది. అక్కడ 17.5 అడిగితే నన్ను పైనుంచి కిందకి చూశారు. ట్యూబ్‌లెస్ మంచిదే, కాదనను, కానీ ఎక్కడ తిరుగుతారో చూసుకుని తీసుకోండి.

---

బెలోస్_భాయ్:

నేను ఎయిర్ బెలోస్ వాడుతున్నా, ఇష్టంగానే వాడుతున్నా, అయినా మీకు ఇప్పుడే వద్దు అంటాను. అది కమానుకి సాయం చేసేదే గానీ కమాను పని చేసేది కాదు. విరిగిన ప్లేటు కింద బెలో పెడితే ఆ పగులు కనపడకుండా దాస్తుంది, ఏదో ఒక రోజు కమాను కట్ట మొత్తం జారి ఇరుసు వంకర పోతుంది.

పెట్టించుకునే రోజు వస్తే కొన్ని గుర్తుపెట్టుకోండి. కుడి ఎడమ బెలోలకి గాలి గొట్టాలు విడివిడిగా ఉండాలి, చాలామంది టీ కనెక్టర్ వేసి రెండూ కలిపేస్తారు, అప్పుడు మలుపులో బరువు పడ్డ పక్క నుంచి గాలి తేలిక పక్కకి పారిపోయి బండి ఇంకా ఎక్కువ వాలుతుంది, నేను ఆరు నెలలు అలా తిరిగి కనుక్కున్నా. ఖాళీగా ఉన్నా కొంచెం గాలి ఉంచాలి లేకపోతే రబ్బరు మడతపడి నలిగిపోతుంది. బ్రాకెట్ ఛాసిస్ పట్టీకి వెల్డింగ్ చేయనివ్వకండి, బోల్టులే.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. కొన్ని బళ్ళకి వెనక ఇరుసు దగ్గర ఛాసిస్ నుంచి ఒక సన్న రాడ్డు కిందకి వస్తుంది, బ్రేకు లోడ్ వాల్వుది. వెనక ఎంత దిగిందో చూసి అది బరువు ఎంతుందో అంచనా వేసుకుని వెనక బ్రేకుకి ప్రెజర్ వదులుతుంది. మీరు బెలోతోనో ప్లేట్లతోనో వెనక లేపేస్తే దానికి బండి ఖాళీ అనిపిస్తుంది, వెనక బ్రేకు తగ్గించేస్తుంది. ఘాట్ దిగేటప్పుడు అప్పుడు తెలుస్తుంది. మీ బండికి ఆ రాడ్డు ఉంటే ఎత్తు మార్చాక దాన్ని మళ్ళీ సెట్ చేయించాలి.

---

కృష్ణలంక_క్యాంపర్:

మూడు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, లేటయింది సారీ.

అందరూ తిట్టినట్టే ముందు కాటాకి వెళ్ళా. ఆదివారం ఉదయం, నీళ్ళు నింపి, గ్యాసు బండతో సహా, మా ఆవిడ్నీ పిల్లల్నీ అమ్మనీ ఎక్కించుకుని. కాటా ఆయన చీటీలో సరుకు ఏంటి అని అడిగాడు, మా అమ్మ కిటికీలోంచి "మేమే" అంది. ముందు 1,640, వెనక 3,400, మొత్తం 5,040. ఆర్‌సీలో 5,300 ఉంది కాబట్టి మొత్తం బరువు ఓకే. కానీ వెనక మాత్రమే పక్కలు చూస్తే ఎడమ 1,860, కుడి 1,540. ట్యాంకూ బ్యాటరీలూ రెండూ ఎడమ మూలకే పెట్టారు మహానుభావులు, నేనే దగ్గరుండి పెట్టించాను అది వేరే విషయం.

ట్యాంకుని ఇరుసు ముందుకి, కుడి మంచం కిందకి మార్పించా. రెండు బ్యాటరీలు డ్రైవర్ సీటు వెనక్కి. మళ్ళీ కాటా: ముందు 1,860, వెనక 3,180. మావ గారి లెక్కకి ఇంచుమించు సరిపోయింది, వెనక పక్కల మధ్య తేడా కూడా 60 కిలోలకి దిగింది. ఆ ఒక్క పనికే స్టీరింగ్ చేతికి బరువు తెలుస్తోంది. అయినా ఎడమ పక్క ఇంకా ముప్పావు అంగుళం దిగే ఉంది (చక్రం సెంటర్ నుంచి బాడీ అంచు వరకు కొలుస్తున్నా, గాలి తేడా రాకుండా).

సో కమాను కట్టలు దింపించా. ఎడమ కట్టలో రెండో ప్లేటు సెంటర్ బోల్టు బొక్క దగ్గర విరిగి రెండు ముక్కలు, విరిగిన చోట సగం నల్లగా తుప్పు, సగం తెల్లగా మెరుస్తోంది. నల్లగా ఉన్నది ఎప్పుడో పగిలింది, తెల్లగా ఉన్నది మొన్న శ్రీశైలంలో అని మేస్త్రి చెప్పాడు. దాన్ని చేతిలో పట్టుకుని చూస్తే ఒక నిమిషం మాట రాలేదు. పాతవాటిని కాల్చి వంపు కొట్టి ఇస్తా అన్నాడు ఒకాయన, కాలిస్తే ఉక్కు పదును పోతుంది, నెలలో మళ్ళీ కూర్చుంటుంది అని మా మేస్త్రే వద్దన్నాడు. రెండు పక్కలా కంపెనీ లెక్క ప్రకారం కొత్త కట్టలు, అదనంగా ఒక్క ప్లేటు కూడా వేయలేదు. కమానుని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవి (పాతవి సాగి ఉంటాయి మళ్ళీ వాడకూడదట), కమాను చివర వేలాడే షాకిల్ పిన్నులు బుష్‌లు కొత్తవి, షాక్ అబ్జార్బర్లు వెనక రెండూ కొత్తవి. పాత షాక్ ఒకటి చేత్తో నొక్కితే సైకిల్ పంపు లాగా దిగిపోయింది, పైకి రానే లేదు. లోడ్ వాల్వు రాడ్డు మా బండికి ఉంది, సెట్ చేశారు.

డిస్కుల విషయంలో చాలా ఊగిసలాడి ఆఖరికి 16 సైజులోనే ఉండిపోయా. 17.5కి కొలతలు తీసుకుంటే జంట టైర్ల మధ్య సందు చాలట్లేదు, వేరే ఆఫ్‌సెట్ డిస్కులు తెప్పించాలి, అవి వచ్చినా లోపలి పక్క కమాను యూ బోల్టు దగ్గర సందు తగ్గుతుంది. పైగా మా అల్లూరి జిల్లా ట్రిప్పులకి బాబాయ్ గారు చెప్పిన కారణం ఒకటి. ఏడు డిస్కులూ ఏడు రింగులూ ఒకే కంపెనీ సెట్టు, 7.50 ఆర్ 16 రేడియల్స్ ఏడు. తేదీ కోడ్ చూసి తీసుకున్నా, కొట్టాయన "ఇలా తేదీ చూసేది పాల ప్యాకెట్ కొనేవాళ్ళే సార్" అన్నాడు. బోను ఉన్న షాపులోనే ఎక్కించాం, నేను రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డా. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లూ యూ బోల్టులూ మళ్ళీ బిగించారు, ఒక నట్టు పావు చుట్టు తిరిగింది.

నిన్న గుంటూరు దాకా వెళ్ళొచ్చా, కాజా టోల్ దగ్గర స్పీడు బ్రేకర్ మీద కావాలనే కొంచెం వేగంగా పోయా, వెనక ఒక్కసారి దిగి లేచి ఆగింది, పప్పు డబ్బా ఉన్నచోటే ఉంది. హెడ్‌లైట్లు ఇప్పుడు కిందకి చూస్తున్నాయి, వాటిని ఎత్తించాలి.

పాత డిస్కులు, రింగులు ఏడేసి మేడ కింద పడి ఉన్నాయి. ఒక పంక్చర్ షాపాయన వచ్చి కొంటానంటున్నాడు, తుక్కు రేటు కన్నా ఎక్కువే ఇస్తాడట. ఇచ్చేయనా?

---

ఆటోనగర్_పాతకాపు:

ఇవ్వబాక. వాడు నల్ల పెయింటు కొట్టి ఇంకెవడి బండికో ఎక్కిస్తాడు. గ్యాసు కటింగ్ వాడిని పిలిపించి ప్రతి రింగూ ప్రతి డిస్కూ నీ కళ్ళ ముందు రెండు ముక్కలు చేయించి అప్పుడు తుక్కుకి వెయ్యి. రేటు తక్కువొస్తే రానీ.

---

కృష్ణలంక_క్యాంపర్:

సరే అన్నా. రేపు పొద్దున్నే పిలిపిస్తున్నా.